నూనె ఎంత, ఏది, దేనితో

మీ ఇంటి కొవ్వు లెక్క వంటగదిలో కంటే కిరాణా చీటీలో బాగా తెలుస్తుంది. నెలకి నూనె ఎన్ని ప్యాకెట్లు తెస్తున్నారు, నెయ్యి ఎంత తెస్తున్నారు లేక కాచుకుంటున్నారు, తినేవాళ్లు ఎంతమంది? ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని ఈ అధ్యాయం చదవండి. ఆ కాగితం లేకపోతే నేను చెప్పేవన్నీ సలహాలుగా మిగిలిపోతాయి. ఉంటే మీ ఇంటి లెక్క మీకే కనిపిస్తుంది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి 27 గ్రాములు చాలని అందులో ఉంది. అంటే సుమారు ఆరు టీస్పూన్లు. నెలకి మనిషికి 810 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి మూడుంపావు కిలోలు దాటకూడదు. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది కాబట్టి లీటర్లలో ఇది మూడున్నర. ఇందులో నెయ్యి కూడా కలిసే ఉందని మరిచిపోకండి. ఇంకో మాట, లీటరు ప్యాకెట్‌లా కనిపించేవన్నీ ఇప్పుడు లీటరు ఉండటం లేదు. 850 గ్రాములవీ, 750 గ్రాములవీ పక్కపక్కనే అమ్ముతున్నారు. ప్యాకెట్లు కాకుండా వాటి మీదున్న బరువులు కూడండి.

మీ లెక్క ఐదు లీటర్లో ఆరు లీటర్లో తేలితే కంగారు పడొద్దు. ఒక్క నెలలో సగానికి తేవాలని పంతం పట్టొద్దు కూడా. నూనె ఒక్కసారిగా తగ్గిస్తే కూర రుచి పోతుంది, పదో రోజుకి ఇంట్లో అందరూ తిరగబడతారు. నెలకి అర లీటరు చొప్పున తగ్గించండి. నాలుక అలవాటు పడటానికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి.

తగ్గించే దారి మన వంటలోనే ఉంది. ముందుగా ప్యాకెట్ నుంచో డబ్బా నుంచో నేరుగా మూకుట్లో ఒంపే పద్ధతి మానాలి. చేతి వాటంతో ఒంపితే ఎంత పడిందో వండేవాళ్లకే తెలియదు. నలుగురికి రోజుకి 24 టీస్పూన్లు, అంటే 120 మిల్లీలీటర్లు. అందులో మనిషికో చెంచా నెయ్యి తీసేస్తే మిగిలేది 100 మిల్లీలీటర్లు. పొద్దున్నే ఆ నూనెని చిన్న గిన్నెలో కొలిచి పొయ్యి పక్కన పెట్టుకోండి. టిఫిన్‌కీ, కూరకీ, పోపుకీ, రాత్రి వంటకీ అదే. మధ్యాహ్నానికే గిన్నె ఖాళీ అయితే ఆ రోజు నూనె దేనికి పోయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చాలా ఇళ్లలో అది వేపుళ్లకి పోతుంది. బెండకాయ, దొండకాయ, అరటికాయ, కంద, ఏది చేసినా మూకుడు నిండా నూనె పోసి వేయించడం అలవాటైంది. అవే దొండకాయల్ని కొంచెం ఉప్పు చల్లి మూతపెట్టి వాటి నీటిలోనే మగ్గనిచ్చి, ఆఖర్న రెండు చెంచాల నూనె వేసి ఎర్రగా వేపితే నలుగురికి సరిపోయే కూర అవుతుంది. అడుగు మందంగా ఉన్న ఇనప మూకుడు ఈ పనికి బాగుంటుంది. పోపు వేసేది పరిమళం కోసం. ఆ పరిమళం ఆవాలు, ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి ఇస్తాయి, వాటికి ఒక చెంచా నూనె చాలు. అప్పడాలు, వడియాలు వేయించుకోవడం రోజూ జరిగే ఇళ్లున్నాయి. అప్పడాన్ని సెగ మీద కాల్చుకోవచ్చు. వడియాలు మాత్రం పండగకో, చుట్టాలొచ్చిన రోజుకో ఉంచుకోండి.

ఆవకాయ సంగతి వేరు. జాడీలో పైన తేలే నూనె ముక్క పాడవకుండా కాపాడుతుంది, దాన్ని తగ్గిస్తే పచ్చడి బూజు పడుతుంది. పెట్టేటప్పుడు నూనె తగ్గించకండి, వడ్డించుకునేటప్పుడు తగ్గించండి. ముక్క, పిండి తీసుకుని నూనెని జాడీలోనే ఉండనివ్వండి. వేడన్నంలో ఆవకాయ కలుపుకుని, ఆ మీద నెయ్యి, పక్కన ముద్దపప్పు, దాని మీద మళ్లీ నెయ్యి. ఈ భోజనం నాకూ ఇష్టమే, దీన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. ఆ పూట వేపుడు మానేయమంటాను.

కొవ్వు శరీరానికి ఏం చేస్తుంది?

ఇంత జాగ్రత్తగా కొలవడం చూసి కొవ్వంటే విషమనుకోకండి. గ్రాము పిండిపదార్థం, గ్రాము మాంసకృత్తులు తలా 4 కేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 కేలరీలిస్తుంది. కొలత అవసరం అందుకే వచ్చింది. కొవ్వు లేకుండా శరీరం బతకదు. ప్రతి జీవకణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో కట్టిందే. మెదడులో నీటిని పక్కన పెడితే మిగిలినదాంట్లో సగానికి పైగా కొవ్వే. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వు తోడుంటేనే ఒంటికి పడతాయి. తోటకూర, మునగాకు, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌కీ ఇదే నియమం. నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకుకూర తింటే అందులోని కెరోటిన్‌లో చాలా భాగం వృథా అవుతుంది. ఆకుకూర పప్పులో వేసే పోపుకి ఇంత పని ఉంది.

లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. మొదటిది ఒమెగా 6 కుటుంబానికి, రెండోది ఒమెగా 3 కుటుంబానికి మూలం. కొన్ని కొవ్వులు ఇలా తప్పనిసరి అని అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1929లో చూపించారు. అంతవరకు కొవ్వును కేలరీల మూటగానే చూసేవారు.

ఏ కొవ్వు ఎలాంటిది?

చలికాలంలో నెయ్యి గడ్డకడుతుంది, కొబ్బరినూనె గడ్డకడుతుంది, వేరుశనగ నూనె మాత్రం ద్రవంగానే ఉంటుంది. సంతృప్త కొవ్వు ఆమ్లాల గొలుసులు తిన్నగా ఉంటాయి కాబట్టి పెట్టెలో అగ్గిపుల్లల్లా ఒకదాని పక్కన ఒకటి ఒదిగి గడ్డకడతాయి. అసంతృప్త కొవ్వుల గొలుసుల్లో వంపులుంటాయి, అవి అంత దగ్గరగా చేరలేవు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌గా పేరుపడ్డ ఎల్‌డీఎల్ పెరుగుతుంది. దాని చోట అసంతృప్త కొవ్వు తింటే తగ్గుతుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం, నెయ్యిలో 60 శాతానికి పైగా, పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. వేరుశనగ, తవుడు నూనెల్లో ఇంచుమించు అయిదో వంతు, నువ్వుల నూనెలో అంతకంటే కాస్త తక్కువ, పొద్దుతిరుగుడులో పదో వంతు.

రోజుకి తినే కేలరీల్లో సంతృప్త కొవ్వుది పది శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2000 కేలరీలకి ఇది 22 గ్రాములు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఒక చెంచా నెయ్యిలో ఉండేది 3 గ్రాముల సంతృప్త కొవ్వు. పప్పులో వేసుకునే ఆ ఒక్క చెంచాకి భయపడి మానేసినవాళ్లే, రోజుకి మూడుసార్లు ఫుల్ క్రీమ్ పాలతో కాఫీ తాగి, అవే పాలు తోడుపెట్టిన గడ్డపెరుగు వేసుకుంటారు. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర. రోజుకి 300 మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలు వాడితే 18 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్తమే 11 గ్రాములకు పైగా. రోజు కోటాలో సగం పాల ప్యాకెట్‌తోనే అయిపోయింది. నెయ్యి మానక్కర్లేదు, పాల ప్యాకెట్ రంగు మార్చండి చాలు. కానీ అదే నెయ్యి గరిటెతో గుమ్మరించుకుని, పెరుగూ గడ్డగా తిని, పైగా మిఠాయి కూడా నేతిదే కావాలంటే ఏ లెక్కా నిలవదు.

పొద్దుతిరుగుడు నూనె మంచిదేనా అని అడుగుతారు. మంచిదే. అయితే దాంట్లో ఉండేది ముఖ్యంగా ఒమెగా 6, ఒమెగా 3 దాదాపు లేదు. ఏళ్ల తరబడి ఇంట్లో అదొక్కటే వాడితే ఒమెగా 3 కొరత పడుతుంది. ఒక్క నూనెకే కట్టుబడకుండా మార్చి మార్చి వాడమంటారు. ఒక నెల వేరుశనగ నూనె, ఇంకో నెల తవుడు నూనె, పచ్చళ్లకీ పొడులకీ నువ్వుల నూనె. మన వంటలకి ఇది సరిగ్గా నప్పుతుంది. అయితే ఈ నూనెలతోనూ ఒమెగా 3 లోటు తీరదు. అది బాగా ఉండే ఆవనూనె వాసన మన ఇళ్లలో చాలామందికి సరిపడదు. సోయా నూనెలో కొంత ఉంటుంది. అన్నిటికంటే తేలికైన దారి అవిసె గింజల పొడి. దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి కొట్టుకుంటే కారప్పొడిలా ఇడ్లీకీ అన్నానికీ పనికొస్తుంది. ఒక టేబుల్ స్పూను పొడిలో సుమారు 1.6 గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, పెద్దవాళ్లకి ఒక రోజుకి అది సరిపోతుంది. గింజలు గింజలుగా మింగితే చాలావరకు అరగకుండానే బయటికి పోతాయి, పొడి చేయాల్సిందే. కొద్దికొద్దిగా చేసుకుని మూత బిగించి పెట్టుకోండి, ఈ నూనె తొందరగా సిక్కువాసన కొడుతుంది.

చేపలు తినేవాళ్లకి ఇంకా మేలు. కవళ్లు, కానాగంతల్లాంటి సముద్రపు చేపలూ, గోదావరికి ఎదురీదే పులసా నూనెగల చేపలు. వీటిలో శరీరం నేరుగా వాడుకునే ఒమెగా 3 ఉంటుంది. అవిసె నుంచి వచ్చేదాన్ని శరీరం కొంచెం మాత్రమే ఆ రూపంలోకి మార్చుకోగలదు. పులస ధర అందరికీ అందదు, కవళ్లు అందుతాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి. అదే చేపని కాగే నూనెలో వేయిస్తే లాభం చాలావరకు ఆ నూనెలోనే పోతుంది.

గానుగ నూనె గురించి కచ్చితంగా ఒక మాట చెప్పాలి. రిఫైనరీలో పోయే పరిమళం, కొన్ని సహజ పదార్థాలు గానుగ పట్టిన నూనెలో మిగులుతాయి, రుచి బాగుంటుంది. కానీ కొవ్వు ఆమ్లాల పొందిక మారదు, గ్రాముకి 9 కేలరీలూ మారవు. రెట్టింపు ధర పెట్టి కొన్నాం, మంచిదే కదా అని రెండు గరిటెలు ఎక్కువ పోస్తే నష్టమే. ‘కొలెస్ట్రాల్ లేదు’ అని నూనె ప్యాకెట్ మీద రాయడం కూడా ఇలాంటిదే. మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ఆ మాట చూసి డబ్బు ఎక్కువ ఇవ్వొద్దు.

అన్నం పక్కన కొవ్వు

తెలుగునాట కొవ్వు మీద రెండు బలమైన గొంతులు వినిపించాయి. ఉప్పూ నూనే లేని వంటను మంతెన సత్యనారాయణరాజు గారు ఏళ్ల తరబడి బోధించారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం పక్కన పెట్టి, కొవ్వునే ఇంధనం చేసుకోమని కొబ్బరినూనె, నెయ్యి తాగించారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి పూర్తిగా ఎదురు. అయినా ఇద్దరి మాటా విని బరువు తగ్గామనేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. నాకు దీంట్లో వింతేమీ కనిపించదు. ఏ దారిలో వెళ్లినా బజ్జీ, పూరీ, పఫ్, మిఠాయి ఇంట్లోంచి వెళ్లిపోతాయి. పిండి, నూనె కలిసిన తిండి ఆగుతుంది. ఎంత తిన్నామో తెలియకుండా పోయేది ఆ తిండితోనే. అయితే ఆ రెండు దారుల్లోనూ ఎక్కువమంది జీవితాంతం నడవలేరు. కొబ్బరినూనె రోజూ అంత తాగితే ఎల్‌డీఎల్ ఎటు పోతుందో రక్తపరీక్షలో చూసుకోకుండా ఉండటం ప్రమాదం.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన ఇండియాబ్ అధ్యయనంలో మనవాళ్లకి కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. పాలిష్ పట్టిన తెల్లన్నం మోతాదు మించితే కాలేయం ఆ మిగులును ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. నూనె ముట్టను, నెయ్యి ముట్టను, అయినా నాకు ట్రైగ్లిజరైడ్లు 250 ఎందుకున్నాయి అని అడిగేవాళ్ల కంచంలోకి చూస్తే జవాబు దొరుకుతుంది. అవి 150 లోపు ఉండాలి. కొవ్వు తగ్గించి ఆ ఖాళీని ఇంకో గరిటెడు అన్నంతో నింపితే గుండెకి ఒరిగేదేమీ లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోటులో పప్పు, కూర పెంచండి, గుప్పెడు పల్లీలు తినండి. జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 35 గ్రాముల గింజలు, పప్పుగింజలు తినమంటోంది. జీడిపప్పు, బాదం కొనే స్తోమత లేకపోతే దిగులొద్దు. అనంతపురం చెనక్కాయలు, నువ్వులు ఆ పని నిక్షేపంగా చేస్తాయి. ఉడకబెట్టిన చెనక్కాయలు సాయంత్రం పిల్లలకి పెడితే బేకరీ ఊసు రాదు.

కొనుక్కునే కొవ్వు

ద్రవంగా ఉన్న నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే పద్ధతికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో 1937లో డాల్డా వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్లకి అది నెయ్యి బదులైంది, పెళ్లిళ్ల లడ్డూలు దానితోనే కట్టారు. సగం సగం హైడ్రోజన్ ఎక్కించినప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. ఎల్‌డీఎల్‌ని పెంచి, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్‌ని తగ్గించే కొవ్వు అది. ఏ మోతాదులోనూ మంచి చేయని కొవ్వు ఇదొక్కటే. నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని మన ఆహార భద్రత సంస్థ 2022 జనవరి నుంచి హద్దు పెట్టింది. మంచి నిర్ణయం. కానీ ట్రాన్స్ కొవ్వు తగ్గిన చోట పామాయిల్ గట్టి భాగం వచ్చి చేరింది, దాంట్లో సంతృప్త కొవ్వు నిండుగా ఉంటుంది. కర్రీపఫ్, క్రీమ్ బిస్కెట్, రస్క్ ప్యాకెట్ వెనక పదార్థాల పట్టిక చదవండి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తర్వాత రాయాలన్నది నియమం. పామొలిన్, వనస్పతి, హైడ్రోజనేటెడ్, ఇంటరెస్టరిఫైడ్ అన్న మాటలు మొదటి రెండు మూడు చోట్లలో కనిపిస్తే ఆ ప్యాకెట్ రోజూ ఇంటికి తెచ్చేది కాదు. ఐస్‌క్రీమ్ డబ్బా మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులో ఉన్నది పాలకొవ్వు బదులు చౌక రకం వృక్షకొవ్వు.

బజ్జీల బండి మూకుట్లో నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతూ ఉంటే అది ఎన్నిసార్లు కాగిందో ఊహించుకోండి. కాగిన కొద్దీ అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె పారేయాలని 2018 నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర ఎవరూ కొలవరు, కొలవాల్సింది మన కళ్లే. ఇంట్లో గారెలు, పూరీలు వండగా మిగిలిన నూనెని వడకట్టి, రెండు రోజుల్లో పోపులకి వాడేయండి. మళ్లీ వేపుడికి పెట్టొద్దు, కొత్త నూనెలో కలపొద్దు. అసలు మూకుట్లో పోసేదే తక్కువ పోస్తే మిగిలేదీ తక్కువే.

కొలత అందరికీ ఒకటి కాదు. రెండేళ్ల లోపు పిల్లలకి కొవ్వు తగ్గించకూడదు. వాళ్ల కడుపు చిన్నది, ఎదుగుదల పెద్దది. మెత్తగా కలిపిన పప్పన్నంలో నెయ్యి వేయడం మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్న మంచి పద్ధతే. పెద్దవాళ్ల కోసం తెచ్చిన డబుల్ టోన్డ్ పాలు ఆ పిల్లలకి పట్టొద్దు. బరువు తగ్గి నీరసించిన ముసలివాళ్ల మీద కూడా ఈ లెక్కలు రుద్దకండి.

గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, స్టెంట్ వేయించుకున్నవాళ్లకీ, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నవాళ్లకీ నాదొక విన్నపం. ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసేదే, తిండి నుంచి వచ్చేది తక్కువ. నూనె మార్చాం, నెయ్యి తగ్గించాం, ఇక మాత్ర అక్కర్లేదని ఎవరు చెప్పినా వినొద్దు. వంట మార్చిన మూడు నెలలకి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుని, ఆ కాగితం మీ డాక్టరుకి చూపించండి. మందు తగ్గించాలో వద్దో ఆయనే చెప్పాలి.